35 ఎలా వచ్చింది?

బోర్డు మీద 42 – 17 వేశాను. మూడో తరగతి పిల్లలు పలకల మీద చేసి చూపించారు. రెండు పలకల మీద 35 ఉంది. ఒకదాని మీద 59. ఒకడు పలక బోర్లించి దాని మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

రెండు 35లకీ ఇంటూ కొట్టి "మళ్లీ చెయ్యండి" అనడం తేలికే. దానికన్నా "ఎలా చేశావో చెప్పు" అని అడిగితే లాభం. మొదటి పిల్ల చెప్పింది: "ఏడులోంచి రెండు పోతే ఐదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు." ఆ పిల్ల దృష్టిలో తీసివేత అంటే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తియ్యడం. ఏది పైనుందో ఏది కిందుందో దానికి పట్టదు. రెండోవాడు చెప్పింది వేరు. "రెండులోంచి ఏడు పోదు టీచర్. పక్కనుంచి అప్పు తెచ్చా. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు. నాలుగులోంచి ఒకటి పోతే మూడు." అప్పు తెచ్చాడు గానీ, ఇచ్చినవాడి దగ్గర తగ్గిందన్న సంగతి మరిచాడు. జవాబు ఒకటే, దారులు రెండు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే పాఠం మళ్లీ చెప్పామనుకోండి, ఒకరు తెలిసిందే వింటారు, ఇంకొకరికి అసలు సంగతి అందదు.

59 వేసిన పిల్ల గుర్తు చూడకుండా కూడేసింది. పలక బోర్లించినవాణ్ని దగ్గరికి పిలిచాను. "కొట్టుకి 42 రూపాయలు తెచ్చారు. 17 రూపాయల సామాను తీసుకున్నారు. ఎంత తిరిగియ్యాలి?" అడగడం పూర్తి కాకముందే "ఇరవై ఐదు" అన్నాడు. వాళ్ల నాయనమ్మ తండాలో చిన్న కొట్టు నడుపుతుంది, సాయంత్రాలు డబ్బుల డబ్బా దగ్గర కూర్చునేది వీడే. లెక్క వాడికి బాగా వచ్చు. నిలువుగా పేర్చి రాసిన లెక్కంటేనే భయం.

మొదటి పిల్ల ముందు కందిపుల్లలు పెట్టాను. పది పుల్లలకో రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టి ఉంచుతాం. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. "నాకు పదిహేడు ఇవ్వు" అన్నాను. ఒక కట్ట ఇచ్చింది, రెండు విడి పుల్లలు ఇచ్చింది, ఆగిపోయింది. ఇంకా ఐదు బాకీ. దగ్గరున్నవన్నీ కట్టలే. నా మొహంలోకి చూసింది, నేను కిటికీలోంచి బయటికి చూశాను. కాసేపటికి ఒక కట్ట తీసి రబ్బరు బ్యాండు లాగేసింది. అప్పు తేవడమంటే ఆ లాగడమే. అది చేత్తో చేశాక ఇక రెండు మీద ఏడు, ఏడు మీద రెండు గొడవ లేదు.

రెండోవాడికి పుల్లలు అక్కర్లేదు. నాలుగు కొట్టేసి పైన మూడు రాశాకే ఒకట్ల స్థానంలో పన్నెండు రాయాలని వరస మార్చాను, అంతే. గుర్తు చూడని పిల్ల లెక్క మొదలుపెట్టే ముందు గుర్తు చుట్టూ సున్నా చుడుతుంది. కొట్టు పిల్లాడు ముందు పదిరూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు బొమ్మగా గీస్తాడు, తర్వాత ఆ బొమ్మ పక్కన అంకెలు వేస్తాడు. ముందే పూర్తి చేసి "అయిపోయింది టీచర్" అని అరిచే పిల్ల కూడా ఉంటుంది కదా, ఆమెకి ఇంకో నాలుగు అలాంటి లెక్కలే ఇస్తే అది బహుమానం కాదు, శిక్ష. "జవాబు 25 రావాలి, అప్పు తెచ్చేవే అయ్యుండాలి, నీకు నువ్వే లెక్కలు తయారుచెయ్యి" అంటాను. పీరియడ్ అయ్యేదాకా తల ఎత్తదు. పాఠం అందరికీ ఒకటే, ఒకరి మెట్టు ఇంకొకరి మెట్టు కాదు. పిల్లల అవసరాలకు తగ్గట్టు చెప్పడమని పెద్ద మాటల్లో చెప్పేది మా బడిలో ఇలా ఉంటుంది.

నేను ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం మండలంలో ఒక తండా బడిలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). చుట్టూ పత్తి, మిరప చేలు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇద్దరం టీచర్లం. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఇంకొకరివే. ఇదేదో మా బడికే వచ్చిన కష్టం కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది. అంటే చట్టం లెక్కలోనే ఇద్దరికి ఐదు తరగతులు. అలాంటప్పుడు "మూడో తరగతికి మూడో తరగతి పాఠం" అనే మాటకు మొదటినుంచీ అంత బలం లేదు. "ఇంతమందిలో ఒక్కొక్కరికి ఒక్కో పాఠం ఎలా చెబుతారండీ?" అని బంధువులు జాలిపడతారు. ఒక్కో పాఠం ఎవరూ చెప్పరు, చెప్పలేరు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలిస్తే చాలావరకు పని సాగుతుంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించింది. దానికి ఆరు సూత్రాలుండేవి. చేసి నేర్చుకోవడం, ఊరి పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి తరగతి గదిలో ప్రదర్శించడం లాంటివాటితో పాటు పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవడం కూడా అందులో ఒక సూత్రం. నేను చదువుకున్న బడిలో ఒక గోడ నుంచి ఇంకో గోడకి తాడు కట్టి మా బొమ్మలు తగిలించేవారు. ఎందుకు తగిలించారో టీచరు శిక్షణకని డైట్‌లో చేరాకగానీ తెలియలేదు. నా లెక్కన ఆరు సూత్రాల్లో తాడు కట్టడం అన్నిటికన్నా సులువు, తేడాలు పట్టించుకోవడం అన్నిటికన్నా కష్టం. చాలాచోట్ల తాడొక్కటే మిగిలింది.

ఆ రోజుల్లోనే ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఇంకో పని జరుగుతోంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడి చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరుండే చిన్న బడుల కోసం రమ, పద్మనాభరావు దంపతులు పాఠ్యపుస్తకాన్ని విడదీసి కార్డులుగా మార్చారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ, దానిలో మెట్టుమెట్టుకీ ఒక గుర్తు, ఆ గుర్తున్న కార్డు అలమరాలో. పిల్ల తానెక్కడుందో నిచ్చెన చూసుకుని, కార్డు తీసుకుని, ఆ పని చేసే వాళ్ల గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకి టీచరు పక్కనుండాలి, ఒక గుంపు తోటిపిల్లల సాయంతో నడుస్తుంది, ఒక గుంపు సొంతంగా చేసుకుంటుంది. దీన్ని చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ఎం.పి. విజయకుమార్ అనే ఐఏఎస్ అధికారి ఇదే పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత తమిళనాడు అంతా తీసుకున్నారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది కార్డులు కాదు. బడి మానేసి నెలకి తిరిగొచ్చిన పిల్ల, ఎక్కడ ఆపిందో అక్కడినుంచే మొదలుపెడుతుంది. ఆ నెలలో క్లాసు ఎంత ముందుకెళ్లిందన్న ప్రశ్న రాదు. కార్డులతో నాకున్న భయమూ చెప్పాలి. చిరిగిన కార్డుల చోట కొత్తవి రాకపోయినా, టీచరు కార్డులు పంచే మనిషిగా మిగిలిపోయినా అది మళ్లీ పాఠ్యపుస్తకమే, అట్టలేని పాఠ్యపుస్తకం.

ఇంకో దారి ముంబైలో పుట్టిన ప్రథమ్ సంస్థది. రోజులో కొంతసేపు తరగతులు పక్కనపెట్టి, ఎవరి స్థాయి ఏదో చూసి ఆ స్థాయి పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టడం. పరీక్ష ఒక కాగితమే: అక్షరం, మాట, చిన్న పేరా, కథ. లెక్కల్లో అంకెలు గుర్తించడం, అప్పు తీసివేత, భాగహారం. వడోదర, ముంబై బడుల్లో వెనకబడ్డ పిల్లలకు ఊళ్లోని యువతుల చేత చదువు చెప్పించిన ప్రథమ్ పనిని 2001 నుంచి అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం పరిశీలించి, పిల్లలు నిజంగా మెరుగుపడ్డారని తేల్చింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో వాళ్లిద్దరూ ఉన్నారు. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ముందు పరీక్షపెట్టి, పిల్లల స్థాయి చూసి చెప్పమంటుంది. దానివల్ల నాలాంటివాళ్లకి జరిగిన పెద్ద మేలు ఒకటుంది. నాలుగో తరగతిలో గుణింతాలు చెబుతుంటే ఎవరైనా తనిఖీకి వచ్చి "సిలబస్ ఏమైంది?" అంటారన్న బెదురు తగ్గింది. స్థాయిలు రాసే కాగితాల పని పిల్లల దగ్గర కూర్చునే సమయాన్ని తినకుండా చూసుకోవడం మాత్రం మా తిప్పలే.

ఇక్కడ ఒక మాట. ప్రైవేటు స్కూళ్ల కరపత్రాల్లో, కొన్ని శిక్షణల్లో "మీ పిల్లాడు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా?" అని అడగడం ఫ్యాషనైంది. వినడానికి బాగుంటుంది. హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, పిల్లల 'రకం' చూసి దానికి తగ్గట్టు చెబితే బాగా నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లో రాశారు. నేను పుల్లలిచ్చిన పిల్ల 'చేతి రకం' పిల్ల కాదు. పదుల కట్ట విడిపోవడమనే సంగతి చేత్తో పట్టుకుంటే తేలిగ్గా తెలుస్తుంది, ఎవరికైనా. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి లెక్కలు వస్తువు, బొమ్మ, అంకె అనే వరసలో అందరికీ చెబుతున్నారు. 'రకం' అని అంటించిన చీటీ పిల్లతో ఐదేళ్లూ ఉంటుంది. ఎక్కడ ఆగిందన్నది వారానికోసారి మారుతుంది.

చదవడం సంగతి లెక్కల కన్నా చిక్కు. క కా కి కీ పాట ఊపిరి తీసుకోకుండా పాడే పిల్లకి 'కె' ఒక్కటీ అట్ట మీద రాసి చూపిస్తే పెదాలు కదలడం చూడొచ్చు. మొదటినుంచీ లోలోపల పాడుకుంటూ వచ్చి, సరైన చోట ఆగగలిగితే 'కె' అంటుంది. లేకపోతే 'కై' దాకా వెళ్లిపోతుంది. ఆమెకి వచ్చింది పాట, గుణింతం ఇంకా రాలేదు. ఇలాంటి పిల్లకి గుణింతం ఇంకో వందసార్లు రాయిస్తే పాట ఇంకా గట్టిపడుతుంది. అట్టముక్కలు కలిపేసి, ఎత్వం మాత్రమే ఉన్నవి ఏరమంటాం: కె, మె, తె, చె. తర్వాత వాటితో చెరువు, మెడ, తెలుపు. ఇంకొకడు పాఠం గడగడా చదువుతాడు, వేలు ఒక మాట మీద, నోరు ఇంకో మాట మీద ఉంటాయి. వాడిని చివరి వాక్యం నుంచి పైకి చదవమంటే తేలిపోతుంది.

వీటన్నిటికన్నా ముందుది ఇంటి భాష. తండాలో పిల్లలు లంబాడీ మాట్లాడతారు. అది తెలుగు కుటుంబపు భాష కాదు, రాజస్థాన్, గుజరాత్ వైపు భాషలకు దగ్గర. అక్షరమాల చార్టులో 'అ' పక్కన అమ్మ బొమ్మ ఉంటుంది. ఒకటో తరగతి పిల్ల ఆ బొమ్మ చూసి "యాడి" అంటుంది. సరైన మాటే, వాళ్ల అమ్మ యాడే. మరి ఆ బొమ్మలోంచి 'అ' చప్పుడు ఎలా పుడుతుంది? మొదటి వారాలు తెలుగు మాట్లాడించకుండా అక్షరాల జోలికి పోతే పిల్ల బొమ్మలు కంఠస్థం చేస్తుంది తప్ప చదువు మొదలవదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04లో సంకల్పించిన బహుభాషా విద్యలో కోయ, బంజారా (లంబాడీనే), గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా – ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో పుస్తకాలు తయారుచేశారు. ఇంటి భాషలో చదువు మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తేవడం దాని పద్ధతి. మేం మా బడిలో నాయనమ్మల చేత లంబాడీ కథలు చెప్పించుకుని తెలుగు లిపిలో చార్టుల మీద రాసుకుంటున్నాం. 2022-23లో ఇంగ్లీషు మీడియం వచ్చాక పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తండా పిల్లకి రెండూ పరాయివే అయినా, రెండు పేజీలూ పక్కపక్కనే ఉండటం నాకు కలిసొచ్చింది.

మందబుద్ధి అని పేరుపడ్డ పిల్లల్లో ముందు చెవులు చూడాలి. చెవిలో చీము కారడం ఇక్కడ మామూలు జబ్బు, ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. పిల్ల వెనక నిలబడి మెల్లగా పేరు పిలిస్తే సగం సంగతి తెలుస్తుంది. కళ్లకీ అంతే. బోర్డు మీది తీసివేత గుర్తు కూడికలా కనబడే పిల్లలున్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం బడికి వచ్చి పరీక్షిస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. చదవడం, రాయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బందిని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. అక్షరం తిరగేసి రాసిన ప్రతి పిల్లాడికీ ఆ ఇబ్బంది పేరు పెట్టేస్తున్నారు. ఒకటో తరగతిలో అక్షరం తిరగేసే పిల్లల్ని ఎంతమందిని చూశానో! ఆ పేరు పెట్టాల్సింది నిపుణులు, టీచర్లం కాదు, పక్కింటివాళ్లు అంతకన్నా కాదు.

గుంపులు చేస్తే గొడవలూ వస్తాయి. నెమలి గుంపు, చిలక గుంపు అని ఎంత ముద్దు పేర్లు పెట్టినా రెండో రోజుకల్లా చిలకలంటే ఎవరో పిల్లలందరికీ తెలిసిపోతుంది. ఒక తండ్రి నేరుగా వచ్చి అడిగాడు. "మావాడికి చిన్న లెక్కలిచ్చి, వాళ్ల చిన్నాన్న కొడుక్కి పెద్ద లెక్కలిచ్చారంట. మావాడేం తక్కువ మేడమ్?" కొట్టు లెక్క వాడి చేత అక్కడికక్కడ నోటితో చేయించాను. తండ్రి నవ్వాడు గానీ అతనడిగింది తీసేయదగ్గ మాట కాదు. ఏ గుంపూ పాతుకుపోకూడదు. లెక్కల గుంపు, చదివే గుంపు ఒకటి కాకూడదు. తీసివేతలో నా దగ్గర కూర్చున్న పిల్ల పాటల్లో, కథల్లో అందరికీ చెప్పే పిల్ల కావచ్చు. 'రైలుబడి' పుస్తకం చదివిన మిత్రులకి గుర్తుండే ఉంటుంది, అందులోని తొమోయే బడిలో రోజు మొదట్లో ఆ రోజు పనులన్నీ బోర్డు మీద రాసేస్తే ఎవరికి నచ్చినదాంతో వాళ్లు మొదలుపెట్టేవారు. ఐదు తరగతులకు ఇద్దరున్న చోట అంత స్వేచ్ఛ ఇవ్వలేను. శనివారం మధ్యాహ్నం మాత్రం అలాగే వదిలేస్తాను, ఎవరు దేని దగ్గరికి పోతారో చూస్తే నాకు సోమవారానికి పనికొస్తుంది.

ఇక మా చుట్టుపక్కల ప్రత్యేకమైన అవసరం ఒకటుంది, ఏ శిక్షణ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. మిరప ఏరే కాలం. సంక్రాంతి దాటాక ఎండలు ముదిరేదాకా మా తండా పిల్లలు కొందరు చెల్లెల్నో తమ్ముణ్నో ఎత్తుకుని చేను గట్టు మీద ఉంటారు. అదే సమయానికి భద్రాచలం అవతలి గూడేల నుంచి, ఛత్తీస్‌గఢ్ వైపునుంచి కోయ కుటుంబాలు ఏరడానికి వచ్చి చేల పక్కనే గుడిసెలు వేసుకుంటాయి. వాళ్ల పిల్లలు కొందరు బడిలోకి వచ్చి కూర్చుంటారు. ఒకడు వాళ్లూళ్లో మూడో తరగతి. నాకు వాడి భాష రాదు, మా తండా పిల్లలకీ రాదు. అలాంటి పిల్లలతో మొదటి రోజు మాట్లాడించేది కందిపుల్లలే. కట్టలు ముందు పెడితే ఎంతవరకు లెక్క వచ్చో భాష లేకుండానే చూపిస్తారు. ఆ మూడో తరగతి పిల్లాడి చెల్లెలు మిరపకాయల కుప్పలు పేర్చి పదులు లెక్కపెట్టింది, నేర్పినవాళ్లెవరో నాకు తెలియదు.

ఏరడం అయిపోగానే వాళ్లు చెప్పకుండా వెళ్లిపోతారు. అందుకని ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం చీటీ రాసి వాళ్లమ్మ చేతికి ఇస్తాను. టీసీలో పిల్ల కులం రాయడానికి చోటుంది, ఒంటి మీది రెండు పుట్టుమచ్చలు రాయడానికీ చోటుంది. ఏం చదవగలదో రాయడానికి లేదు. పైగా వీళ్లకి ఆ టీసీ కూడా ఉండదు. చీటీలో రాసేది ఇంతే: "రెండంకెల కూడిక వచ్చు. అప్పు తీసివేత పుల్లలతో చేస్తాడు, రాతలో ఇంకా రాలేదు. గుడి, కొమ్ము ఉన్న మాటలు చదువుతాడు, ఒత్తులు మొదలుపెట్టలేదు. ఎడమ చెవి సరిగా వినపడదు, కుడి చెవి మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి." కింద మా బడి ఫోన్ నంబరు రాస్తాను. కిందటేడు ఎండాకాలంలో భద్రాచలం అవతలి నుంచి ఒక సారు ఫోన్ చేసి, ఏ వైపు చెవి అన్నది చీటీ తడిసి కనపడటం లేదని అడిగారు.